యమహా 280, జూపిటర్: మేళంలో ఏళ్లుగా వాడాక

కొత్తగా ఆల్టో సాక్సోఫోన్ కొనాలనుకునే పిల్లలు మా కడపలో ముందుగా అడిగేది ఒక్కటే: "యమహానా, జూపిటరా?" నా దగ్గర యమహా వైఏఎస్-280 ఉంది. మేళంలో అన్న వాయించేది తైవాన్ కంపెనీ జూపిటర్. పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో ఏళ్ల తరబడి రెండింటినీ మార్చి మార్చి వాయించాం. షాపులో పది నిమిషాలు ఊది చెప్పే మాట కాదిది.

ముందు నాదం సంగతి. నా చెవికి యమహా తేటగా, కాస్త పదునుగా పలుకుతుంది. డోలు మోతలో కూడా వినబడుతుంది. జూపిటర్ నాదం గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ఇంట్లో సాధన చేసుకునేటప్పుడు నాకు అదే ఇష్టం. అయితే ఈ తేడా కోసమే డబ్బు పెట్టొద్దు. యమహాతో వచ్చే 4సి మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) తీసి, సెల్మర్ కంపెనీ సి స్టార్ మౌత్‌పీస్ పెట్టి వాయిస్తే, వెనకనుంచి విన్న అన్న "వాద్యం మార్చినావా?" అని అడిగాడు. మౌత్‌పీస్, దానికి బిగించే పలచని బద్ద రీడు కలిసి నాదాన్ని అంతగా మారుస్తాయి.

నిజంగా పోల్చాల్సింది వేళ్లతో నొక్కే కీలను. సన్నాయి మీద వేలితో రంధ్రం సగం మూసి గమకం పలికించొచ్చు. సాక్సోఫోన్ రంధ్రాల మీద వాటిని మూసే మెత్తటి బిళ్లలు, అంటే ప్యాడ్లుంటాయి, వేలు నేరుగా తగలదు. కద్రి గోపాల్‌నాథ్ గారు ఈ వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చినప్పుడు వాద్యంలోనే మార్పులు చేయించుకున్నారు. మామూలు వాద్యంతో మనం పెదవితో, దవడతో, కీని మెల్లగా వదలడంతో గమకం రాబట్టుకోవాలి. తోడి గాంధారాన్ని ఊపేటప్పుడు స్ప్రింగు కొంచెం బిగుసుగా ఉన్నా వేలికి వెంటనే తెలిసిపోతుంది. నా వేళ్లకు యమహా కీలు తేలిగ్గా అందుతాయి. అన్న చేతులు పెద్దవి, ఆయనకు జూపిటర్ మీదే హాయి. అందుకే ఇంకొకరి మాట విని కొనకండి. కళ్లు మూసుకుని సరళి వరసలు మూడు కాలాల్లో వాయించి చూడండి. ఏ వేలు తడబడుతుందో అక్కడ ఆగి, రెండో వాద్యం మీద అదే వరస మళ్లీ పట్టండి.

మా ఎండలు ఇంకో పరీక్ష. మే నెలలో పందిట్లో గాలి వేడెక్కేకొద్దీ వాద్యం శ్రుతి పెరుగుతుంది. శ్రుతిపెట్టె శ్రుతి మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు మౌత్‌పీస్‌ను కొంచెం బయటికి లాగాలి. మౌత్‌పీస్ తొడిగే వంపు గొట్టాన్ని నెక్ అంటారు. దాని మీది కార్కు ఎండిపోయి వదులైతే అది నిలవదు, వాయిస్తుండగానే జారుతుంది. ఈ ఇబ్బంది ఏ బ్రాండుకైనా తప్పదు, కార్కుకు గ్రీజు రాస్తూ ఉండాల్సిందే. జి షార్ప్ కీ ప్యాడు తడికి రంధ్రానికి అతుక్కోవడమూ అంతే. ప్యాడు కింద పలచని కాగితం పెట్టి, మెల్లగా అదిమి, తడి పీల్చుకున్నాక తీస్తే సరిపోతుంది.

ఈ రెండింటి ధర చూసి భయపడి మా మేళం కుర్రాడొకడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన వాద్యం తెప్పించుకున్నాడు. మొదట్లో బాగానే పలికింది. ఒక పెళ్లి సీజన్ తిరిగేసరికి కీల రాడ్లు వదులై గలగలమన్నాయి, కింది స్వరాలు గురగురమన్నాయి. విడిభాగాలు దొరకలేదు. ప్యాడ్లు సరిగ్గా కూర్చోబెట్టే మనిషి నాకు కడపలో ఇంతవరకూ దొరకలేదు. మద్రాసుకో బెంగళూరుకో పంపాలి, ముహూర్తాలున్న రోజుల్లో వాద్యం ఇంట్లో లేకపోతే బయానాలు పోతాయి. ఆ పిల్లాడి బాధ కళ్లారా చూశాను కాబట్టే గట్టిగా చెబుతున్నా: కొనే ముందు రిపేరు ఎక్కడ చేస్తారో, ప్యాడ్లు ఎక్కడ దొరుకుతాయో అడగండి.

చేతులు చిన్నవైన పిల్లలకు, మేళంలో వాయించేవాళ్లకు నేను యమహా 280నే చెబుతాను. కొత్తది కొనే స్తోమత లేకపోతే దానికి ముందు మోడల్ 275 పాతది వెతకండి. నెక్ కిందికి వంగిందేమో పక్కనుంచి చూడండి. తర్వాత చీకటి గదిలో వాద్యం లోపలికి సన్నని ఎల్‌ఈడీ లైటు దించి, కీలన్నీ మెల్లగా మూయండి. ఏ ప్యాడు అంచునైనా వెలుగు కనబడితే ఆ రిపేరు ఖర్చు బేరంలో తగ్గించమనండి.