విక్కన్, విచ్, పేగన్: ఏ పేరు పెట్టుకుంటే మేలు?

టారో కార్డులతో మొదలుపెట్టి పౌర్ణమి రాత్రి కొవ్వొత్తి వెలిగించి కూర్చునే దాకా వచ్చిన మన పిల్లలు, ముఖ్యంగా అమెరికాలో, ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నవాళ్ళు, తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ నన్ను నేను ఏమని చెప్పుకోవాలి?" ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కొక్కరి పేరు పక్కన ఎక్లెక్టిక్, హెడ్జ్, కిచెన్, గ్రీన్ అని మూడు నాలుగు బిరుదులు కనిపిస్తాయి. ఏదో ఒకటి తగిలించుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. వీటిలో కొన్ని మీరు చేసే పనిని చెబుతాయి, కొన్ని మీ నమ్మకాన్ని చెబుతాయి, కొన్ని మీకు దీక్ష ఇచ్చినవాళ్ళెవరో చెబుతాయి. ఆ చివరి రకం పేరు మీ అంతట మీరు పెట్టుకునేది కాదు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

విక్కా అంటే దేవతనూ దేవుణ్ణీ కొలుస్తూ మంత్రసాధన చేసే కొత్త మతం. అందులో గార్డ్‌నేరియన్ అన్న దారితో మొదలుపెడదాం, మిగతా దారుల్లో చాలా వరకు దాన్ని అనుసరించో, దానితో పోట్లాడో పుట్టినవే కాబట్టి. జెరాల్డ్ గార్డ్‌నర్ మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరై ఇంగ్లండ్ తిరిగొచ్చిన మనిషి. న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక పాత కోవెన్, అంటే కలిసి పూజలు చేసుకునే చిన్న బృందం, 1939లో తనకు దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడాన్ని నేరం చేసిన 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయింది, 1954లో ఆయన దీని మీద పుస్తకం వేశాడు. ఇది అనాదిగా తెగకుండా వస్తున్న మతం అన్న ఆయన మాటను ఇవాళ చరిత్రకారులు ఒప్పుకోరు. పూజల్లో చదివే పాఠాలు కూడా అంత పాతవి కావు. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే వాటిలో అలీస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు మాంత్రికుడి వాక్యాలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపట్టి, తీసేసి, చాలా భాగం తనే కొత్తగా రాసింది. నాకైతే దీనివల్ల ఆ దారి విలువేమీ తగ్గలేదు, అందులో ఉన్న కవిత్వం ఆవిడదని తెలిశాక గౌరవం పెరిగింది కూడా.

ఈ పేరు కావాలంటే ఏం చెయ్యాలి? ముందు ఒక కోవెన్ మిమ్మల్ని రానివ్వాలి. చాలా చోట్ల ఏడాదీ ఒక రోజూ ఆగమంటారు. ఆ తర్వాత మూడు మెట్ల దీక్ష, సంప్రదాయం ప్రకారం ఆడవాళ్ళకు మగవాళ్ళు, మగవాళ్ళకు ఆడవాళ్ళు ఇస్తారు. దీక్ష అయ్యాక గురువు దగ్గరున్న బుక్ ఆఫ్ షాడోస్ ముందు పెట్టుకుని, అందులోని పూజలన్నీ మీ చేత్తో మీ పుస్తకంలోకి ఎక్కించుకోవాలి, బయటివాళ్ళకు చూపించనని మాట ఇవ్వాలి. వేరే ఊరు మారి అక్కడి కోవెన్ తలుపు తట్టారనుకోండి, మీకు దీక్ష ఇచ్చిందెవరు, వాళ్ళకు ఇచ్చిందెవరు అని వెనక్కి అడుగుతూ పోతారు. మనవాళ్ళకు ఇది కొత్తేం కాదు, శ్రీవిద్యలో మంత్రోపదేశం ఎవరి దగ్గర తీసుకున్నావని అడగడం లాంటిదే. అందుకే పుస్తకం చదివి "నేను గార్డ్‌నేరియన్" అనడం అబద్ధం కిందే లెక్క, ఎంత భక్తి ఉన్నా సరే.

అలెగ్జాండ్రియన్ పేరు 1960ల్లో అలెక్స్ సాండర్స్, ఆయన భార్య మాక్సీన్‌ల నుంచి వచ్చింది. చిన్నప్పుడే మా అమ్మమ్మ దీక్ష ఇచ్చిందని ఆయన కథ చెప్పాడు గానీ, పూజలన్నీ గార్డ్‌నర్ వాళ్ళవే, దానికి తోడు గ్రంథాల్లోంచి తెచ్చిన క్రతు మాంత్రికం కొంచెం ఎక్కువ. ఇవాళ చాలా చోట్ల ఒకరి దీక్షను ఇంకొకరు ఒప్పుకుంటారు. కాబట్టి ఈ రెండింట్లో ఏది మేలని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. మీరు నమ్మదగ్గ మనుషులు ఏ కోవెన్‌లో ఉంటే అదే మేలు. డబ్బు అడిగినా, తొందరపెట్టినా, ఇంట్లోవాళ్ళకు దూరం చెయ్యాలని చూసినా వెనక్కి వచ్చెయ్యండి, దాని పేరు ఎంత గొప్పదైనా.

ఇక కోవెన్ దొరకని వాళ్ళ సంగతి, అంటే దాదాపు అందరి సంగతి. గార్డ్‌నేరియన్ దారిని అమెరికాకు తీసుకెళ్ళిన రేమండ్ బక్‌లాండ్ 1970ల్లో సీక్స్ విక్కా అని ఇంకో దారి పెట్టి, అందులో ఎవరికి వాళ్ళే దీక్ష తీసుకోవచ్చన్నాడు. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఒంటరిగా సాధన చేసేవాళ్ళ కోసమే పుస్తకం రాయడంతో తలుపులు బార్లా తెరుచుకున్నాయి. సాలిటరీ (ఒంటరిగా చేసేవాళ్ళు), ఎక్లెక్టిక్ (వేర్వేరు దారుల్లోంచి నచ్చినవి ఏరుకునేవాళ్ళు) అన్న పేర్లు వాడుకలో గట్టిపడ్డది ఆ ఊపులోనే. దీక్ష లేనివాళ్ళు విక్కన్ అన్న మాటే వాడకూడదని కొందరు పాతకాపులు ఇప్పటికీ అంటారు, ఆ పట్టుదల ఇంగ్లండ్‌లో కాస్త ఎక్కువ. నేను ఒప్పుకోను. దేవతనూ దేవుణ్ణీ ఇద్దరినీ కొలిచి, అక్టోబర్ 31న సావిన్ (ఆ రోజు పోయినవాళ్ళను తలుచుకుంటారు), మే 1న బెల్టేన్, ఇలా ఏడాదిలో ఎనిమిది పండుగలు చేసుకుని, "ఎవరికీ హాని చెయ్యనంత వరకు నీకు నచ్చింది చెయ్యి" అన్న నియమం పాటించే మనిషి విక్కన్ కాకపోతే మరేంటి? సాలిటరీ విక్కన్ అనడంలో దాపరికం ఏమీ లేదు, దీక్ష లేదన్న సంగతి ఆ పేరులోనే ఉంది.

అయితే ఆ దేవుళ్ళూ పండుగలూ నియమం ఏవీ పట్టించుకోకుండా మంత్రతంత్రాలు, మూలికలు, కార్డులు మాత్రమే ఇష్టమైతే విక్కన్ అనొద్దు, విచ్ అనండి. విక్కా ఒక మతం, విచ్‌క్రాఫ్ట్ ఒక సాధన. విక్కన్లలో చాలామంది తమను విచ్ అనుకుంటారు గానీ, విచ్‌లందరూ విక్కన్లు కారు. ఏ దేవుణ్ణీ నమ్మని విచ్‌లున్నారు, చర్చికెళ్ళేవాళ్ళున్నారు. ట్రెడిషనల్ విచ్ అనేవాళ్ళు ఇంకా వేరు, ఆ వైపు అందరూ తలుచుకునే పేరు 1966లో చనిపోయిన రాబర్ట్ కోక్రేన్. గార్డ్‌నర్ విక్కా అంటే ఆయనకు గిట్టేది కాదు. హాని చెయ్యకూడదన్న నియమం తమది కాదంటారు ఈ దారివాళ్ళు, ఊరి నేల, పితరులు, అక్కడి ఆత్మలు ముఖ్యం అంటారు. హెరిడిటరీ, అంటే మా వంశంలోనే ఉందన్న పేరు మాత్రం రుజువు లేకుండా ఎవరూ వాడొద్దని గట్టిగా చెబుతాను. సాండర్స్ అమ్మమ్మ కథ లాంటివి ఈ రంగంలో లెక్కలేనన్ని పుట్టాయి, ఎదుటివాళ్ళ నమ్మకం పోగొట్టడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

కిచెన్ విచ్, గ్రీన్ విచ్, హెడ్జ్ విచ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వంటలో రోజ్‌మేరీ వేస్తూ సంకల్పం చెప్పుకుంటే కిచెన్, మొక్కలతో పనైతే గ్రీన్. హెడ్జ్ దగ్గర ఒక్క మాట. అది ఊరికీ అడవికీ మధ్యనున్న కంచె, దాన్ని దాటి అవతలి లోకానికి ధ్యానంలో వెళ్ళొచ్చేవాళ్ళు, లేదా ఏ గుంపులోనూ చేరకుండా ఒంటరిగా ఉండేవాళ్ళు ఆ పేరు వాడతారు. కుండీలో తులసి పెంచినంత మాత్రాన హెడ్జ్ విచ్ అయిపోరు.

ఆడవాళ్ళు ఎక్కువగా అడిగేది డయానిక్, రిక్లెయిమింగ్ అన్న రెండు దారుల గురించి. 1971లో లాస్ ఏంజెలెస్‌లో జుజన్నా బుడాపెస్ట్ ఆడవాళ్ళకు మాత్రమే కోవెన్ పెట్టింది, దేవత ఒక్కతే, దేవుడు లేడు. కార్డులు చూసి జాతకం చెప్పిందని 1975లో ఆవిణ్ణి అరెస్టు కూడా చేశారు. ఇంట్లోనూ గుళ్ళోనూ మగవాళ్ళ మాటే చెల్లడం చూసి విసిగిపోయినవాళ్ళకు ఈ దారి ఎంత ఊపిరి పోసిందో నాకు అర్థమవుతుంది. కానీ ట్రాన్స్ మహిళలను పూజలకు రానివ్వాలా వద్దా అన్న దాని మీద 2011, 2012లో కాలిఫోర్నియా పేగన్ సభల్లో పెద్ద రగడ జరిగింది, ఆ గాయం ఇంకా మానలేదు. స్టార్‌హాక్ అనే రచయిత్రితో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన రిక్లెయిమింగ్‌లో దీక్ష తప్పనిసరి కాదు, ఎవరి ఆత్మకు వాళ్ళే పెద్ద, పూజతోపాటు పర్యావరణం కోసం, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా రోడ్డెక్కడం కూడా సాధనే. దేవుళ్ళ గురించి ఆడా మగా అని రాసుకున్న మాటను 2012లో అన్ని జెండర్లకూ చోటుండేలా మార్చుకున్నారు. ఈ రెండింట్లో నా ఓటు రిక్లెయిమింగ్‌కే. డయానిక్ అని చెప్పుకోదలిస్తే ముందు ఆ శాఖ ఎవరిని రానిస్తుందో అడగండి, అదే పేరుతో మగవాళ్ళను చేర్చుకునే శాఖ కూడా ఉంది.

ప్రభుత్వ కాగితాల మీద లెక్క వేరు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో పేగన్ అని రాసినవాళ్ళు దాదాపు 74,000, విక్కా అని రాసినవాళ్ళు 13,000 మందే. పేగన్ అన్నది ప్రకృతినీ పాత దేవతలనూ కొలిచే దారులన్నిటికీ పెద్ద గొడుగు, పాత కెల్టు పూజారుల పేరు పెట్టుకున్న డ్రూయిడ్లు కూడా దాని కిందికే వస్తారు. తలకో పేరు రాస్తే లెక్కలో చెల్లాచెదురైపోతాం అని 2011లోనే అక్కడివాళ్ళు ముందు పేగన్ అని రాసి, గీత గీసి, పక్కన సొంత దారి రాయమని ప్రచారం చేశారు. మంచి ఉపాయం, నేనైనా అదే రాస్తాను. అమెరికాలో మాత్రం కోర్టులో నిలబడ్డ పేరు విక్కా. 1986లో ఒక వర్జీనియా ఖైదీ కేసులో అప్పీలు కోర్టు విక్కా మతమేనని ఒప్పుకుంది, అతనడిగిన పూజాసామాను మాత్రం జైలు భద్రత పేరుతో ఇవ్వనక్కర్లేదంది. అఫ్గానిస్థాన్‌లో 2005లో చనిపోయిన ఒక సార్జెంట్ కోసం ఆయన భార్య పోరాడితే, ప్రభుత్వ సమాధి రాళ్ళ మీద విక్కన్ గుర్తు, వలయంలో ఐదు కోణాల నక్షత్రం, 2007లో అనుమతించారు. సెలవు కోసమో, ఆస్పత్రి ఫారం మీదో, సైన్యంలోనో మతం పేరు రాయాల్సి వస్తే విక్కా అని రాయడమే మీకు పనికొస్తుంది, ఎక్లెక్టిక్ గ్రీన్ విచ్ అంటే గుమాస్తాకు అర్థం కాదు.

మన దేశంలో ఈ పేరును బహిరంగంగా మోసిన మనిషి కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి. 1980ల్లోనే తాను విక్కన్‌నని ప్రకటించి, బెంగాల్ పల్లెల్లో డాయన్, అంటే మంత్రగత్తె, అని ముద్రపడి తన్నులు తిన్న ఆడవాళ్ళ తరఫున నిలబడింది. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ఆ ముద్ర వెయ్యడాన్నే నేరం చేస్తూ చట్టాలు తెచ్చుకున్నాయి. మన దగ్గరా బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు వస్తూనే ఉన్నాయి. అందుకే హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉండి స్నేహితుల మధ్య విచ్ అని చెప్పుకోండి, తప్పులేదు, కానీ సెలవులకు ఊరెళ్ళినప్పుడు సరదాకైనా నేను మంత్రగత్తెనని అనకండి. మీరు నాలుగు రోజులుండి బస్సెక్కేస్తారు, ఆ తర్వాత ఎవరి గొడ్డో చచ్చిపోతే అనుమానం పోయేది వీధి చివర ఒంటరిగా ఉంటున్న ముసలావిడ మీదికి.