గ్రాండ్ కాన్యన్ మ్యాపు: మాథెస్‌దా, వాష్‌బర్న్‌దా?

అరిజోనాలోని ఈ లోయను మ్యాపు కోసం 1902లో సర్వేయర్ ఫ్రాంస్వా మాథెస్ కొలవడం మొదలుపెట్టాడు. ముక్కాలి స్టాండు మీద ప్లేన్ టేబుల్ (గీతలు గీసే చదునైన బల్ల), దానిపై కాగితం, కాగితం మీద టెలిస్కోపు ఉన్న అలిడేడ్ (గురి చూసి గీత గీసే బద్ద). అంచున నిలబడి, ఎదురుగా కనిపిస్తున్న కొండను చూస్తూ అక్కడికక్కడే గీత గీయడమే. స్కేలు 1:48,000, అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద 480 మీటర్లు.

అదే లోయకు మ్యాపు గీయడానికి బ్రాడ్‌ఫోర్డ్ వాష్‌బర్న్ 1970లలో హెలికాప్టర్‌లో శిఖరాల మీద దిగి, లేజర్‌తో దూరాలు కొలిచాడు. విమానం నుంచి తీసిన ఫోటోలు సరేసరి. 1978లో నేషనల్ జియోగ్రాఫిక్ అచ్చువేసిన ఆ మ్యాపు స్కేలు 1:24,000.

అసలు తేడా రెడ్‌వాల్ దగ్గర తెలుస్తుంది. దాదాపు 500 అడుగుల నిట్టనిలువు సున్నపురాయి గోడ అది. మాథెస్ 50 అడుగుల ఎత్తుకో కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వేశాడు కాబట్టి అక్కడ పది గీతలు ఒకదాని మీద ఒకటి పడి మందపాటి చారలా కనిపిస్తాయి. వాష్‌బర్న్ మ్యాపులో నీడలు కూడా వేయడంతో గోడ గోడలాగే ఉంటుంది.

దారి వెతకడానికి నేనైతే వాష్‌బర్న్‌దే తీసుకుంటాను. ముచ్చటగా చూసుకోవడానికి మాత్రం మాథెస్‌దే. అన్నట్టు, మాథెస్ మ్యాపులో మన విష్ణుమూర్తి కూడా ఉన్నాడు: అక్కడి ఒక శిఖరం పేరు విష్ణు టెంపుల్. ఆ పేరు అంతకుముందే భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ పెట్టింది.