మద్దెల ఓడా, ఆట రాదా: ఏడేళ్లు వాడిన 9 ఎంఎం పిస్టల్

ఏడేళ్లుగా నా దగ్గర ఒకటే పిస్టల్ ఉంది. 9 ఎంఎం, ప్లాస్టిక్ ఫ్రేము, నాలుగున్నర అంగుళాల బారెల్, మ్యాగజీన్‌లో 17 తూటాలు. ఏ కంపెనీదో రాయను. రాస్తే మాటలన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి, నేను చెప్పదలచుకున్నది పక్కకు పోతుంది. నా నోటుపుస్తకం లెక్కన ఇప్పటికి పద్దెనిమిది వేల తూటాలు దాటాయి. దీన్ని చూసినవాళ్లంతా మొదట అడిగేది "గురి ఎలా ఉంది?" అనే. అడిగేవాళ్లలో రెండు జట్లున్నాయి. పిస్టల్ మంచిదైతే ఎవరు కాల్చినా తగులుతుందంటుంది ఒక జట్టు. చేతనైనవాడికి ఏ పిస్టలైనా ఒకటేనంటుంది రెండోది. మొదటి ఏడాది నేను మొదటి జట్టు. మూడో ఏడాదికల్లా రెండో జట్టులో చేరి గొంతు చించుకునేవాణ్ణి. ఇప్పుడు రెండు జట్లూ నన్ను కలుపుకోవడం లేదు.

కొత్తలో నేను కాల్చినవన్నీ ఎడమ పక్కకు, కిందికి పోయేవి. టార్గెట్ నడిబొడ్డున గురి పెడితే తూటా వెళ్లి గడియారంలో ఏడు అంకె ఉండే దిక్కున పడేది. సైటు, అంటే గురి చూసుకునే గుర్తు, వంకరగా బిగించారని తీర్మానించుకుని, వెనక సైటును కుడికి జరిపించాను కూడా. రెండు వారాలు బాగున్నట్టే అనిపించింది, తర్వాత కథ మొదటికొచ్చింది. ఇక లాభం లేదని ఖరీదైన మరో పిస్టల్ బేరమాడుతుంటే, రేంజిలో నాకు నేర్పే మాస్టారు ఆపారు.

"అది ఇలా ఇవ్వు" అని తీసుకుని ఐదు తూటాలు కాల్చారు. సైటు జరిపించి ఉంది కదా, ఐదూ కుడివైపున పడ్డాయి. కానీ ఆ ఐదింటినీ అరచేత్తో కప్పేయవచ్చు. "ఇది చూపించిన చోటే కొడుతోంది. నువ్వు ఎక్కడ చూపిస్తున్నావో చూద్దామా?" అన్నారు.

అటు తిరిగి, నాకు కనబడకుండా మ్యాగజీన్ నింపి ఇచ్చారు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. టిక్కుమని చప్పుడొచ్చింది, అంతే. నిజం తూటాల మధ్య ఆయన ఒక డమ్మీ పెట్టారు. పేలుడు లేదు, వెనక్కి తన్నడం లేదు. అయినా పిస్టల్ మూతి, ఎవరో నెత్తిన మొట్టినట్టు, ఒక్కసారిగా కిందికి వంగింది. నా చేతిలోనే, నా కళ్ల ముందే.

"రాని దెబ్బకు ముందే కాచుకుంటున్నావు" అన్నారు మాస్టారు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను ఆయన వాడలేదు. మర్యాదస్తులు.

ఇంత తేలిగ్గా ఎందుకు తప్పుతుందో తర్వాత కొలిచి చూస్తే గానీ నాకు తెలియలేదు. ఖాళీ పిస్టల్ బరువు 700 గ్రాములు. ట్రిగ్గర్ వెనక్కి రావాలంటే వేలు పెట్టాల్సిన బలం రెండున్నర కిలోలు. పిస్టల్ బరువుకు మూడున్నర రెట్ల బలంతో దానిలోని ఒక ముక్కను లాగాలి, పిస్టల్ మాత్రం కదలకూడదు! ఇక ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 165 మిల్లీమీటర్లు. ఆ రెండింటి పొందిక ఒక్క మిల్లీమీటరు చెదిరితే 25 మీటర్ల దగ్గర తూటా 15 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే సైట్ల పొందిక చెదరకుండా, చెయ్యి మొత్తం రెండు సెంటీమీటర్లు పక్కకు ఊగితే తూటా కూడా రెండు సెంటీమీటర్లే జరుగుతుంది. కాబట్టి చెయ్యి వణకడం అంత పెద్ద నేరం కాదు. వణుకును చూసి భయపడి, ముందు సైటు సరిగ్గా నల్లచుక్క మీదికి వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ను లాక్కోవడమే నేరం. నేను చేసింది అదే.

దీనికి మందు చవకైనదే, కాకపోతే మహా విసుగు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, పేలే తూటా కూర్చునే ఛాంబరు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ముందు సైటు వెనక స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) మీద ఒక నాణెం నిలబెట్టి, అది పడిపోకుండా ట్రిగ్గర్ నొక్కడం. రోజుకు పది నిమిషాలు. మొదటి వారం నాణెం నేల మీదే ఎక్కువసేపు ఉంది. నాలుగు నెలలకు నా ఎడమ, కింద జబ్బు చాలావరకు కుదిరింది. వెనక సైటును మళ్లీ పాత చోటికి జరిపించుకున్నాను. నేను రెండో జట్టులోకి దూకింది అప్పుడే.

మూడో ఏడాది ఒక మిత్రుడు పిస్టల్‌ను బిగించి కాల్చే స్టాండు తెచ్చాడు. మనిషి చెయ్యి పక్కకు తప్పుకుంటే ఇది ఏపాటిదో తేలుతుందని 25 మీటర్ల దగ్గర పరీక్షించాం. పదేసి తూటాలు కాల్చి, దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య కొలిచాం. 115 గ్రెయిన్ల (తూటా మొన బరువును కొలిచే చిన్న ప్రమాణం) తూటాలు 9 సెంటీమీటర్లలో పడ్డాయి, 124 గ్రెయిన్లవి 6 సెంటీమీటర్లలో. పిస్టల్ అదే, స్టాండు అదే, తూటా పెట్టె మాత్రమే మారింది. "నా పిస్టల్ గురి ఇంత" అని ఒక్క అంకె చెప్పేవాళ్లను అప్పటినుంచి ఏ తూటాతో అని అడుగుతున్నాను. ఎన్ని తూటాలు అని కూడా అడుగుతాను. ఐదు తూటాల గ్రూపు, అంటే ఆ రంధ్రాల గుంపు, కన్నా పది తూటాల గ్రూపు సగటున పావు వంతు పెద్దదిగా వస్తుంది. చాలామంది గొప్పలన్నీ ఐదు తూటాల దగ్గరే ఆగిపోతాయి.

అదే రోజు ఆ 124 గ్రెయిన్ల తూటాలతో చేత్తో నేను కాల్చినవి 21 సెంటీమీటర్లు వచ్చాయి. ఇంటికెళ్లి లెక్క వేసుకున్నాను. పిస్టల్ చెదిరింపు 6, నా చెదిరింపు 20 అనుకుంటే, మొత్తం 26 కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అటూ ఇటూ చెదిరేవాటిని వర్గాలు చేసి కూడి, వర్గమూలం తీయాలి. 36, 400 కలిపితే 436, దాని వర్గమూలం 20.9. ఇప్పుడు నేను మునుపు బేరమాడిన ఖరీదైన పిస్టల్ 3 సెంటీమీటర్లే చెదురుతుందనుకుందాం. 9, 400 కలిపితే 409, వర్గమూలం 20.2. అంత డబ్బు పోస్తే నాకు దక్కేది ఏడు మిల్లీమీటర్లు. తూటా వ్యాసమే తొమ్మిది!

అయితే ఈ లెక్క రెండో వైపు కూడా కోస్తుంది. నా చెదిరింపు 8కి తగ్గిందనుకోండి. 6 సెంటీమీటర్ల పిస్టల్‌తో మొత్తం 10, 3 సెంటీమీటర్లదానితో 8.5. ఇప్పుడు తేడా కంటికి ఆనుతుంది. నిదానంగా కాల్చే 25 మీటర్ల పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 5 సెంటీమీటర్లే. గీత తాకినా పది ఇస్తారు, నిజమే. అయినా స్టాండుకు బిగించినా నా పిస్టల్ అన్నీ పదులే కొట్టడం గగనం. చేతనైనవాడికి ఏ పిస్టలైనా ఒకటే అన్నవాడు, చేతనైనవాడిని దగ్గరగా చూసి ఉండడు. నిజానికి పిస్టల్ తేడా తెలిసేది వాడికే.

పిస్టల్ మామూలుదైనా పరవాలేదనడానికి ఈమధ్య అందరూ ఎత్తే పేరు యూసుఫ్ డికెచ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మామూలు కళ్లద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో రజతం గెలిచిన తుర్కియే షూటర్. అందరూ ఆయన ముఖం చూశారు, చేతిలోది చూడలేదు. అది పోటీలకే తయారైన అసలు సిసలు మ్యాచ్ పిస్టల్. ఆయన వదిలేసింది ప్రత్యేకమైన లెన్సుల్ని, పిస్టల్‌ను కాదు. నేర్పు గొప్పదనానికి ఉదాహరణే కావాలంటే నేను హంగరీ షూటర్ కారోలీ టకాచ్ పేరు చెబుతాను. 1938లో గ్రెనేడు పేలి కుడి చెయ్యి పోతే, ఎడమ చేత్తో నేర్చుకుని 1948లోనూ, 1952లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు.

ఐదో ఏడాది నాకు ఎదురుదెబ్బ తగిలింది. తూటాలన్నీ కుడికి పోసాగాయి. ఈసారి నేను జ్ఞానిని కదా, తప్పు నాదేనని వెంటనే ఒప్పుకున్నాను. వేలు మార్చాను, పట్టు మార్చాను, నాణెంతో సాధన రెట్టింపు చేశాను. మూడు వారాలు గడిచినా ఏమీ మారలేదు. ఒక రాత్రి పిస్టల్ శుభ్రం చేస్తుంటే, వెనక సైటు కూర్చునే గాడిలో ఎడమ అంచున సన్నని మెరుపు గీత కనబడింది. చుట్టూ ఉన్న లోహం నల్లగా మాసి ఉంది, ఆ గీత ఒక్కటే కొత్తదానిలా ఉంది. ఇన్నేళ్లూ సైటు కింద దాగిన చోటు అది. సైటు వదులై, ఒక మిల్లీమీటరులో మూడో వంతు కుడికి జారింది. 25 మీటర్ల దగ్గర అది ఐదు సెంటీమీటర్లు! నా గ్రూపు ఏమాత్రం పెద్దది కాలేదని, మొత్తంగా ఇల్లు మారిందని నోటుపుస్తకం మొదటి వారంలోనే చెబుతూ ఉంది. నేను వినలేదు. మద్దెల నిజంగానే ఓడైన రోజులూ ఉంటాయి.

ఆ తర్వాత ఒకసారి మిత్రుడి మ్యాచ్ పిస్టల్‌తో ఒక పూటంతా కాల్చాను. 1911 అనే పాత అమెరికన్ సైనిక పిస్టల్ నమూనా, ఉక్కు ఫ్రేము, కిలోకు పైనే బరువు, ట్రిగ్గర్ కిలోన్నర. అప్పటికి నా పిస్టల్‌తో నా సగటు 12 సెంటీమీటర్లు. మిత్రుడిది 3 సెంటీమీటర్లే చెదురుతుందనుకుని, బారెల్ మంచితనం ఒక్కటే లెక్కేస్తే అది 10.8 కావాలి. వచ్చింది 9. మిగిలింది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి లెక్కలక్కర్లేదు, వేలికే తెలుస్తుంది. ట్రిగ్గర్ గాజుకడ్డీ విరిగినట్టు తెగింది. బరువైన ఆ ఫ్రేము నా తప్పుల్లో సగాన్ని తనలోనే కలిపేసుకుంది. అంటే మంచి పిస్టల్ చేసే మేలులో పెద్ద భాగం తూటాకు కాదు, మనిషికి.

నా పిస్టల్ విషయానికొస్తే, ట్రిగ్గర్ తడిసిన అట్టముక్కలా ఉంటుంది, ఏడేళ్లలో కాస్త నునుపెక్కిందే గానీ మారలేదు. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ సైట్లు తీసేసి ఉక్కువి వేయించాను. స్లైడు స్ప్రింగు మూడుసార్లు మార్చాను. ఇరుక్కోవడాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలోనూ ఎక్కువ ఒకే పాత మ్యాగజీన్ పుణ్యం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇలాంటిది కొని, మిగిలిన డబ్బు తూటాలకూ నేర్పేవాళ్లకూ పెట్టవచ్చు. నా చెదిరింపు 10 లోపు నిలకడగా ఉంటే ఈ ఏడాది చివర మ్యాచ్ పిస్టల్ కొంటాను. దీన్ని మాత్రం అమ్మను.

సైటు జారినప్పటినుంచి నోటుపుస్తకంలో "నేను", "అది" అని రెండు గడులు గీసుకున్నాను. మొన్న ఆదివారం పది తూటాల్లో తొమ్మిది అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. పదోది ఏడు గంటల దిక్కున, వలయాల అంచున పడింది. సైటు గాడి చూశాను, మెరుపు గీత లేదు. "నేను" గడిలో రాసుకుని, నాణెం కోసం జేబు వెతుక్కున్నాను.