విశాఖ నుంచి సినిమా ఉత్సవానికి: గోవానా, తిరువనంతపురమా, కోల్‌కతానా, భువనేశ్వరా?

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో సినిమా పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే లెక్క: మిగిలిన సెలవులు ఎన్ని, వాటిని ఏ ఊరి చలనచిత్రోత్సవానికి ఖర్చు పెట్టాలి? నవంబరు 20 నుంచి గోవా, డిసెంబరు రెండో వారంలో తిరువనంతపురం, వాటికి కాస్త ముందో వెనకో కోల్‌కతా. ఇవి కాక పొరుగునే భువనేశ్వర్. ఏదీ కుదరకపోతే ఊళ్లోనే అప్పుడప్పుడూ జరిగే చిన్న ప్రదర్శనలు. ఉద్యోగం చేసుకునేవాళ్లు అన్నీ తిరగలేరు. ఒకటి ఎంచుకోక తప్పదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటిసారి వెళ్తూ, వారం రోజులు చేతిలో ఉంటే తిరువనంతపురం. శని, ఆదివారాలకు మించి దొరక్కపోతే భువనేశ్వర్. కోల్‌కతా మరో ఏడాదికి అట్టిపెట్టుకోండి. గోవా, సినిమా తీసినవాళ్లకూ తీయబోయేవాళ్లకూ. ఊరికే చూసి ఆనందించేవాళ్లను అక్కడికి వెళ్లమని నేను చెప్పను.

సినిమాల జాబితాలు ముందు పెట్టుకుని ఎంచుకునేవాళ్లున్నారు. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మేలో ఫ్రాన్స్‌లోని కాన్ ఉత్సవంలోనూ సెప్టెంబరులో ఇటలీలోని వెనిస్ ఉత్సవంలోనూ పేరు తెచ్చుకున్న సినిమాలే నవంబరు, డిసెంబరుల్లో మన దేశంలో ఊరూరా తిరుగుతాయి. పణజీలో తప్పిపోయినది కొన్నాళ్లకు తిరువనంతపురంలో దొరకవచ్చు. తేడా అంతా మరో రెండు చోట్ల ఉంది: ఒక హాలు నుంచి ఇంకో హాలుకు ఎంతసేపట్లో చేరతాం, మన పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు.

గోవా ఉత్సవం పేరుకు తగ్గ చరిత్ర ఉన్నదే. 1952లో బొంబాయిలో మొదలై, చాలా ఊళ్లు తిరిగి, 2004 నుంచి గోవాలో స్థిరపడింది. ఆ తిరుగుడులో 1986లో హైదరాబాదుకూ వచ్చింది. అప్పట్లో కుర్రాళ్లుగా ఉండి వెళ్లినవాళ్లు ఇప్పటికీ ఆ కబుర్లు చెబుతుంటారు. 1978లో మొదలైన ఇండియన్ పనోరమా విభాగంలో ఏటా వివిధ భారతీయ భాషల సినిమాలు వేస్తారు. అందులో మన భాష సినిమా ఉందంటే అదొక గౌరవం. ఇదంతా నిజమే. కానీ మాండవి నది ఒడ్డున ఉత్సవం జరిగే పాత భవనాల దగ్గర నిలబడి చూస్తే, ఎర్ర తివాచీ మీద తారలను చూడటానికి వచ్చినవాళ్లు, సినిమా పనుల మీద వచ్చినవాళ్లు, పనిలో పనిగా బీచ్ చూద్దామని వచ్చినవాళ్లు అంతా కలిసి కనిపిస్తారు. రామకృష్ణా బీచ్ పక్కన పెరిగినవాళ్లు సముద్రం కోసం గోవా వెళ్లడంలో అర్థమేముంది? పేరున్న సినిమాకు ఆన్‌లైన్ బుకింగ్ తెరిచిన కాసేపటికే సీట్లు నిండిపోతాయి. రైలు మాటకొస్తే, విశాఖ మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా వాస్కో దాకా తీసుకెళ్తుంది. మడ్గావ్‌లో దిగినా వాస్కోలో దిగినా పణజీ ఇంకో ముప్ఫై కిలోమీటర్ల దాకా ఉంటుంది. గదుల అద్దెలు పర్యాటకుల సీజను ధరల్లో ఉంటాయి.

తిరువనంతపురంలో రైలు దిగి బయటికి రాగానే తంపానూరు. స్టేషను ఎదురుగా బస్‌స్టాండు, దాన్ని దాటితే కైరళి, శ్రీ, నిళ అనే మూడు తెరలున్న ప్రభుత్వ థియేటర్ల సముదాయం. సామాను గదిలో పడేసి నడిచి వెళ్లి మొదటి సినిమా చూడవచ్చు. టాగోర్ థియేటరు ఆటోలో కాసేపు. కనకక్కున్ను ఆవరణలోని నిశాగంధి ఆరుబయలు ప్రాంగణం ఇంకొంచెం దూరం. రాత్రిపూట అక్కడ ఆకాశం కింద కూర్చుని సినిమా చూడటం మన తరంలో చాలామందికి కొత్త అనుభవం. ఏసీ హాలులో నిద్ర ముంచుకొచ్చే సినిమాను కూడా అక్కడ చివరిదాకా చూస్తాం.

కైరళి మెట్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్సవం గురించి చెప్పినట్టు కాదు. సినిమాకూ సినిమాకూ మధ్య జనమంతా ఆ మెట్ల మీదే. మెడలో డెలిగేట్ కార్డు (ఉత్సవం పాస్), భుజాన ఉత్సవం వాళ్లిచ్చిన గుడ్డసంచీ, చేతిలో కార్యక్రమ పట్టిక. ఒకామె పెన్సిలుతో మూడు సినిమాల చుట్టూ సున్నాలు చుట్టి, రెండు కొట్టేసి, పక్కనున్న పెద్దాయనను సలహా అడుగుతుంది. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. ఆయన మాత్రం ఆ దర్శకుడి పాత సినిమాలన్నీ ఏకరువు పెట్టి, ఇది వదిలేయండమ్మా, రేపు నిళలో మళ్లీ వేస్తారు అంటాడు. ఇంకో మూల ఎవరో పాడుతుంటారు, మరోవైపు ఏదో అన్యాయానికి వ్యతిరేకంగా అట్టముక్కలు పట్టుకుని నిలబడతారు. 2013లో దక్షిణ కొరియా దర్శకుడు కిమ్ కి డుక్ వచ్చినప్పుడు, ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికల్లా జనం. మన దగ్గర అంత జనం చేరాలంటే వచ్చినవాడు కథానాయకుడై ఉండాలి.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు 1965లోనే అక్కడ చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ, అంటే మంచి సినిమాలు తెప్పించుకుని చూసే సంఘం, పెట్టారు. ఆ తరవాత కేరళ అంతటా చిన్న చిన్న పట్టణాల్లో సొసైటీలు వెలిశాయి. స్కూలు మాస్టార్లు, గుమాస్తాలు, యూనియన్ కార్యకర్తలు పదహారు మిల్లీమీటర్ల ప్రింట్లతో ప్రపంచ సినిమా చూశారు. 1996లో ఉత్సవం మొదలయ్యేనాటికి ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు. ప్రభుత్వం నడిపే చలచ్చిత్ర అకాడమీ ఏటా దాన్ని నిర్వహిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం ఏటా జరిపే అంతర్జాతీయ ఉత్సవమంటూ మనకు లేదు. సినిమాలు తీయడంలో అంత పెద్దవాళ్లం, చూపించే ఏర్పాటులో మాత్రం పొరుగువాళ్ల గుమ్మం ముందు నిలబడుతున్నాం.

ఖర్చు చూస్తే, 2024లో డెలిగేట్ రుసుము పన్నుతో కలిపి 1180 రూపాయలు, విద్యార్థులకు 590. మల్టీప్లెక్సులో కొన్ని టిక్కెట్లకయ్యే ఖర్చుతోనే వారం పాటు రోజుకు నాలుగైదు సినిమాలు చూడవచ్చు. తిండికి ఇబ్బంది లేదు. బస్‌స్టాండు పక్కనే వాస్తుశిల్పి లారీ బేకర్ కట్టిన ఎర్ర ఇటుకల ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. లోపల మెట్లుండవు, గుండ్రంగా పైకి తిరిగే వాలు దారి. ఆ వాలు పొడవునా బల్లలు. తలపాగా పెట్టుకున్న సర్వరు బీట్‌రూట్ వేసిన ఎర్రటి కట్‌లెట్ తెచ్చి పెడతాడు. తొందర ఉన్నవాళ్లకు అంతకన్నా మంచి భోజనం లేదు.

అసలు చిక్కు రైలు. డిసెంబరంటే శబరిమల సీజను. మన వైపు నుంచి కేరళలోని అలప్పుళ దాకా వెళ్లే బొకారో ఎక్స్‌ప్రెస్ నిండా నల్లబట్టల స్వాములే ఉంటారు. రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. డెలిగేట్ నమోదు అంతకన్నా చాలా ఆలస్యంగా మొదలవుతుంది. కాబట్టి పాస్ వస్తుందో రాదో అని ఆగకుండా ముందు బెర్తు పట్టుకోవాలి. తుపానుల సంగతి విశాఖవాళ్లకు వేరే చెప్పాలా? 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, ఉత్సవం 8న మొదలైంది. ఆ వారం రైళ్లు ఎన్ని రద్దయ్యాయో గుర్తున్నవాళ్లు ఒక రోజు ముందుగానే బయలుదేరేలా చూసుకుంటారు.

కోల్‌కతాకు ఆ బాధ తక్కువ. రాత్రి రైలెక్కితే మర్నాడు హావ్‌డా. 2024 మార్చి నుంచి స్టేషను దగ్గరే మెట్రో ఎక్కి, నది అడుగున వెళ్లి, ఎస్ప్లనేడ్‌లో మారితే రవీంద్ర సదన్‌లో దిగవచ్చు. దిగితే ఎదురుగా నందన్. 1985లో సత్యజిత్ రాయ్ ప్రారంభించిన ఆవరణ, దాని చిహ్నం గీసిందీ ఆయనే. నందన్, రవీంద్ర సదన్, శిశిర్ మంచ్ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. హాలు మారడానికి మట్టి ముంతలో టీ తాగేంత సమయం చాలు. ఈ ఒక్క విషయంలో కోల్‌కతా తిరువనంతపురాన్ని ఓడిస్తుంది. మరి రెండో స్థానం ఎందుకంటే, ఒకటి తేదీలు. 2023, 2024ల్లో డిసెంబరు మొదట్లో జరిగింది, 2025లో నవంబరు మొదట్లోకి వెళ్లింది. సెలవు ముందే చెప్పి పెట్టుకోవాల్సినవాళ్లకు ఇది కుదరదు. రెండోది, అక్కడి సంభాషణంతా బెంగాలీలో. మర్యాదకు ఇంగ్లీషులో రెండు మాటలు మాట్లాడి మళ్లీ వాళ్ల గొడవలో వాళ్లు పడిపోతారు. ఆ గొడవ వినడానికి బాగానే ఉంటుంది, పాల్గొనడానికే వీలుండదు.

భువనేశ్వర్ మీద మనవాళ్లకు ఎందుకో చిన్నచూపు. ఆరేడు గంటల ప్రయాణం, బోలెడన్ని రైళ్లు. అక్కడి ఫిల్మ్ సొసైటీ నడిపే ఉత్సవంలో భారతీయ స్వతంత్ర సినిమాలకే పెద్దపీట. అస్సామీ, మరాఠీ, ఒడియా సినిమాలు, థియేటర్ల మొహం ఎన్నడూ చూడనివి, దర్శకుడి సమక్షంలోనే వేస్తారు. పెద్ద ఉత్సవాల్లో దర్శకుడిని వేదిక మీద చూస్తాం, చిన్న ఉత్సవంలో టీ దగ్గర చూస్తాం. డబ్బులెక్కడి నుంచి తెచ్చారు, నటులకు ఎంత ఇచ్చారు అని నేరుగా అడగవచ్చు, వాళ్లూ దాచకుండా చెబుతారు. పై మూడు ఊళ్ల జాబితాల్లో కనిపించనివి ఇక్కడే దొరుకుతాయి.

ఇక విశాఖ. 1970లో 70 ఎం.ఎం. తెరతో జగదాంబ థియేటరు కట్టి, ఆ కూడలికే దాని పేరు స్థిరపడిన ఊరు ఇది. 2018లో విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా ఇక్కడి వీధుల్లో, ఎక్కువగా ఇక్కడి మనుషులతోనే తయారైంది. దగ్గుబాటి రానా సమర్పించారు కనుక అది థియేటర్లలో కనపడింది. అలాంటి అండ దొరకని సినిమాలకు మిగిలేది ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో ఒక చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, తలుపు తెరుచుకున్నప్పుడల్లా తెర మీద పడే వెలుగు. అయినా వెళ్లాలి. రెండు గంటలు ఫోను తీయకుండా, అక్షరాలు చదువుకుంటూ తెలియని భాష సినిమా చూడగలమో లేదో ముందు ఇక్కడే తేల్చుకోవచ్చు. సబ్‌టైటిల్స్ వేగం అలవాటు కాకుండా దూరపు ఊరికి వెళ్తే రెండో రోజుకే తలనొప్పి. ఇంకో చిట్కా: వాలు తక్కువగా ఉన్న పాత హాళ్లలో ముందువరస తలలు అక్షరాలకు అడ్డం వస్తాయి. నడవ పక్క సీటు చూసుకోండి.

లఘుచిత్రం తీసి పెట్టుకున్నవాళ్లకు లెక్క మారుతుంది. వాళ్లు డిసెంబరు ఉత్సవాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. కేరళ అకాడమీయే డాక్యుమెంటరీలకూ లఘుచిత్రాలకూ విడిగా తిరువనంతపురంలో మరో ఉత్సవం జరుపుతుంది, పంపాల్సింది దానికి. కథ చేతిలో పట్టుకుని నిర్మాత కోసం తిరుగుతున్నవారికైతే, గోవాలో ఉత్సవంతోపాటు 2007 నుంచి జరుగుతున్న ఫిల్మ్ బజార్ అనే సినిమా సంత ఒక్కటే అంత దూరం వెళ్లడానికి సరైన కారణం. ఆన్‌లైన్‌లో రుసుము కట్టించుకుని నెలనెలా అవార్డులు పంచే ఉత్సవాలు మాత్రం వద్దు. పోస్టరు మీద ఆకుల దండ బొమ్మలు ఎన్ని వేసుకున్నా, హాలూ ప్రేక్షకులూ లేని ఉత్సవంలో మీ సినిమా చూసినవాళ్లెవరూ ఉండరు. ఆ డబ్బుతో భువనేశ్వర్‌కు రానూపోనూ టిక్కెట్లు వస్తాయి.