పొడుగు లాగుడుకు అతుకు బాణాలు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నా లాగుడు, అంటే నారిని పూర్తిగా లాగినప్పుడు పిడి నుంచి నారి దాకా ఉండే దూరం, 32 అంగుళాలు. ఎత్తు ఆరడుగుల పైమాటే. దానికి తోడు నాది బొటనవేలి ఉంగరంతో నారి పట్టి చెవి దాటేదాకా లాగే పద్ధతి. నాలాంటి వాళ్లకి చెక్క బాణాలు రెడీమేడ్‌గా దొరకడం చాలా కష్టం. అమ్మకానికి వచ్చే సెడార్ పుల్లలు దాదాపు అన్నీ 32 అంగుళాలకే కోసి ఉంటాయి. వెనక నాక్‌కి (నారి కూర్చునే గాడి ఉన్న టోపీ), ముందు మొనకి చెక్కేశాక మొన అంచు దాకా మిగిలేది 31 అంగుళాలు, మహా అయితే ఇంకో అర. నాకు కనీసం 33 కావాలి. ఒకటి రెండు అంగుళాలే కదా, సర్దుకుపోదాం అంటే కుదరదు. పూర్తిగా లాగినప్పుడు మొన పిడి దాటి లోపలికి వచ్చిందంటే, వదిలిన బాణం విల్లు పట్టుకున్న చేతిలోకే దిగుతుంది.

‘పొడుగు పుల్లలు’ అని చెప్పి అమ్మిన ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి వచ్చినవీ 32 అంగుళాలవే. వెనక్కి పంపుదామంటే కొరియర్ ఖర్చే పుల్లల ధరను మించిపోయింది. అప్పుడే అతుకు బాణాల వైపు మళ్లాను. అంటే సెడార్ పుల్ల ముందు భాగంలో గట్టి చెక్క ముక్కను పాదంలా అతికించడం. ఇప్పటికి కొన్నేళ్లుగా ఇవే వాడుతున్నాను.

వేరే దారులు లేవని కాదు. మన రాష్ట్రంలో విలువిద్య అనగానే విజయవాడ, జ్యోతి సురేఖ, ధీరజ్ గుర్తొస్తారు. అక్కడంతా కార్బన్ బాణాలు. పొడుగు కావాలంటే అందులో తేలిగ్గా దొరుకుతుంది. కానీ పిడి పక్కన కోత లేని పాతకాలపు విల్లులో చెక్క బాణం వదిలినప్పుడు వచ్చే నెమ్మదైన ఊపు నాకు కార్బన్‌లో దొరకలేదు. వెదురుకి పొడుగు సమస్యే లేదు, కణుపులు సాపు చేసి, వేడి మీద వంకర తీస్తే చక్కటి బాణం అవుతుంది. కాకపోతే గట్టితనం ఒకేలా ఉన్న ఆరు పుల్లలు ఏరాలంటే పెద్ద మోపు ముందేసుకుని కూర్చోవాలి.

పాదానికి నేను వాడేది ఫర్నిచర్ పనిలో మిగిలిపోయిన రోజ్‌వుడ్ ముక్కలు. ఎనిమిది అంగుళాల పొడవు, వేలెడు మందం. అందులో ఆరు అంగుళాల దాకా నిలువునా సన్నటి రంపపు కోత పెట్టాలి. సెడార్ పుల్ల చివరను అదే పొడవున రెండు వైపులా చెక్కి బద్దలా పలచన చేసి, ఆ కోతలోకి దించాలి. మొదటిసారి మా మధురవాడలో వడ్రంగి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే, “ఏటి బాబూ, ఇంత సన్న ముక్కకి ఇంత పొడుగు కోతా? రెండుగా చీలిపోద్ది” అన్నాడు. చీలలేదు. రంపం నిదానంగా నడిపి, ఆయనే కోసిచ్చాడు. అరల్డైట్ పూసి, పాత సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి చుట్టి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి పట్టీ విప్పి చిత్రికతో గుండ్రంగా తీస్తుంటే, లేత సెడార్ మీదకి ఎర్రటి రోజ్‌వుడ్ రెండు కోణాలుగా పాకి, చేప తోకలా బయటపడుతుంది. కోత లేని రెండు అంగుళాలే పుల్లకి కలిసొచ్చే పొడవు. నాకు సరిగ్గా అదే కావాలి.

అసలు తలనొప్పి పొడుగు కాదు, గట్టితనం. పుల్ల వంగే గుణం పొడవుకి ఘనంలో పెరుగుతుంది: 28 అంగుళాల పుల్ల 32 అయితే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వంగుతుంది. పుల్ల గట్టితనాన్ని అది ఎంత బలమైన విల్లుకి సరిపోతుందో ఆ పౌండ్లలోనే చెబుతారు. పైగా నా విల్లు మీద 28 అంగుళాల లాగుడు దగ్గర 40 పౌండ్ల బలం అని రాసి ఉన్నా, నేను లాగేసరికి 50 దాటుతుంది. బాణం పొడవులో 28 మీద ప్రతి అంగుళానికి 5 పౌండ్లు కలపాలని వాడుకలో ఉన్న లెక్క. నా 33 అంగుళాల బాణానికి అలా 50కి కలిపితే 75 వస్తుంది. పిడి పక్కన కోత లేని నా విల్లు నుంచి బాణం వంగి పిడిని చుట్టుకుంటూ పోవాలి కాబట్టి పది తగ్గించి 65 దగ్గర ఆగాను. కొలవడం తేలికే. 26 అంగుళాల దూరంలో రెండు ఆధారాలు పెట్టి, పుల్ల నడిమధ్యన 907 గ్రాముల బరువు వేలాడదీయాలి. 26ను ఎన్ని అంగుళాలు వంగిందో దానితో భాగిస్తే పౌండ్లు వస్తాయి. 65 కావాలంటే వంపు 10 మిల్లీమీటర్ల చిల్లర ఉండాలి. ఈ కొలత పాదం అతికించకముందే తీయాలి, అతికించాక ముందు భాగం బిగుసుకుని లెక్క తప్పుతుంది. ఇంత గట్టితనానికి 5/16 అంగుళం పుల్లలు నాకు పనికిరాలేదు, 23/64 తీసుకోవాల్సి వచ్చింది. మందం చూడ్డానికి కాస్తే పెరిగినట్టు ఉంటుంది గానీ గట్టితనం ముప్పావు వంతు పెరుగుతుంది.

వాడకంలో చూస్తే, మామూలు సెడార్ బాణాలు ఎప్పుడూ మొన వెనకే విరిగేవి. జీడితోటలో గురి తప్పి వేరుకో రాయికో తగిలిందంటే అంతే. పాదం ఉన్నవి ఆ దెబ్బ కాచుకుంటున్నాయి. ముందు బరువు పడటం వల్ల సముద్రం గాలి అడ్డంగా కొట్టినప్పుడు కూడా కాస్త నిలకడగా వెళ్తున్నాయని నా నమ్మకం. విరిగినవి ఎక్కువగా అతుకు ముగిసే చోటే విరిగాయి. అందుకే వేసే ముందు ప్రతిసారీ బాణాన్ని చేత్తో కొద్దిగా వంచి, ఏ మాత్రం ‘టిక్’ అన్నా పక్కన పెట్టేస్తాను.

విశాఖ తేమ వీటికి పెద్ద శత్రువు. మామూలు తెల్ల జిగురుతో అతికించిన జత వానాకాలంలో అతుకు దగ్గర వదులైంది, అరల్డైట్ వాటిలో ఆ బాధ లేదు. పైన పాలిష్ మూడు నాలుగు పూతలు పడాల్సిందే. ముఖ్యంగా నాక్ కింద చెక్కిన చోట, మొన దూరే చోట ఒక్క పూత కూడా వదలకూడదు. గోడకి ఆనించి పెడితే వంకరపోతాయి, వేలాడదీయడమే మేలు.

ఖర్చు, ఓపిక రెండూ ఎక్కువే. ఒక్కో బాణానికి ఒక సాయంత్రం పోతుంది. లాగుడు 29 దాటని వాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు, రెడీమేడ్ పుల్ల చాలు. 31 దాటినవాళ్లయితే ముందు రెండే చేసి, మీ విల్లుతో దగ్గర నుంచి వేసి చూడండి. కుడిచేత్తో నారి లాగి, బాణాన్ని పిడికి కుడి పక్కన పెట్టేవాళ్లకి తోక కుడివైపు కొడుతుంటే పుల్ల మెత్తనైనట్టు, ఎడమవైపు కొడుతుంటే గట్టిదైనట్టు. మెత్తనైతే తేలిక మొన మార్చండి, గట్టిదైతే బరువు మొన. పాదం కోయడం ఆ తర్వాతెప్పుడూ వద్దు, ఉన్న పొడవే మీకు రక్ష.