ఆమ్‌డ్రో ఫైర్ యాంట్ బైట్: టెక్సస్ లాన్లకు మంచి మందే, చల్లే తీరు తెలిస్తే

ఫైర్ యాంట్స్ అనే కుట్టే ఎర్ర చీమలకు పెట్టే ఎర మందు ఇది. సంచి విప్పితే పసుపుపచ్చ రవ్వలా ఉంటుంది. నిజానికది మొక్కజొన్న నూకే. దానికి సోయా నూనె పట్టించి, ఆ నూనెలో హైడ్రామిథైల్నాన్ అనే చీమల్ని చంపే మందు కలుపుతారు. ఆమ్‌డ్రో పేరుతో వేరే మందులూ వస్తాయి కాబట్టి, కొనేముందు సంచి మీద హైడ్రామిథైల్నాన్ 0.73 శాతం అని ఉందో లేదో చూసుకోండి.

ఫైర్ యాంట్స్‌కి నూనె అంటే ప్రాణం. నూకను పుట్టలోకి మోసుకెళ్లి, నూనెను నోటితో ఒకదానికొకటి అందించుకుంటూ రాణి దాకా చేరుస్తాయి. మందు నిదానంగా చంపడమే దీని బలం. మోసే చీమ దారిలోనే చస్తే రాణికి ఏమీ అందదు. రాణి బతికితే పుట్ట మళ్లీ లేస్తుంది.

పని చేయలేదనేవాళ్లలో చాలామంది పుట్టను కర్రతో కెలికి, నడినెత్తిన గుప్పెడు పోస్తారు. కెలికితే చీమలు కుట్టడానికి వస్తాయి గానీ తిండికి రావు. పైగా నెత్తిన దారే ఉండదు. అవి నేలలోని సొరంగాల గుండా పోయి కొన్ని అడుగుల అవతల పైకొస్తాయి. అందుకే పుట్టను ముట్టుకోకుండా చుట్టూ మూడు నాలుగు అడుగుల మేర 2 నుంచి 5 టేబుల్ స్పూన్లు చల్లాలి. లాన్ మొత్తానికైతే ఎకరానికి పౌండు నుంచి పౌండున్నర చాలు. అంటే 5,000 చదరపు అడుగులకు 50 నుంచి 80 గ్రాములే! చాలదేమోనని ఎక్కువ పోయడం దండగ.

ముందు ఒక చిప్స్ ముక్క పడేసి చూడండి. అరగంటలో చీమలు పడితే అదే సమయం. వేసవిలో సాయంత్రం చల్లాలి, మధ్యాహ్నపు ఎండకు మందు పాడైపోతుంది. గడ్డి పొడిగా ఉండాలి, ఒక రోజు పాటు స్ప్రింక్లర్లు ఆపాలి. తడిసిన నూకను చీమలు ముట్టవు. ఎరువు చల్లిన స్ప్రెడర్ (చల్లే పరికరం) వాడొద్దు, ఆ వాసన అంటుకుంటుంది.

ఒక్కో పుట్ట ఖాళీ కావడానికి వారం దాకా, లాన్ మొత్తం తేరుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. గుమ్మం పక్కనే పుట్ట ఉండి పిల్లలు తిరుగుతుంటే అంత ఆగలేం. దానికి వేరే మందు నీళ్లలో కలిపి పోయడమే మేలు. గోంగూర, వంకాయ మళ్లలో మాత్రం ఆమ్‌డ్రో వేయకూడదు. అక్కడికి కూరగాయల తోటలకు అనుమతి ఉన్న, స్పినోసాడ్ అనే మందు కలిపిన ఎర వాడాలి.

చిన్న సంచే కొనండి. విప్పాక కొన్ని నెలలకే నూనె ముక్కిపోతుంది, ఆ వాసన వచ్చిన నూకను చీమ తాకదు.