జాగ్రత్త: "ఈస్టిండియా కంపెనీ జేబు గడియారం" అని అమ్ముతున్నారు

పాత జేబు గడియారాలు కొనేవాళ్ళు డబ్బు పంపేముందు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర నేను కొన్న గడియారం డయల్ మీద "ఈస్టిండియా కంపెనీ, మద్రాసు, 1835" అని ఉంది. వెండి కేసు అన్నారు, ఎవరో దొర వాడింది అన్నారు. వచ్చింది మాత్రం నికెల్ కేసు, లోపల రోస్కోఫ్ రకం మిషన్.

పనివాళ్ళు కూడా కొనగలిగే గడియారం చేయాలని స్విట్జర్లాండులో జార్జ్ ఫ్రెడరిక్ రోస్కోఫ్ తయారుచేసిన మిషన్ అది. బజారులోకి వచ్చింది 1867లో, ధర 20 ఫ్రాంకులు. భాగాలు బాగా తగ్గించి, రూబీ రాళ్ళు ఉండాల్సిన చోట ఉక్కు పిన్నులు పెట్టాడు. తర్వాత ఎంతోమంది దాన్ని కాపీ కొట్టారు. కంపెనీ పాలనేమో 1858లోనే పోయింది. మరి 1835 డయల్ కింద ఈ మిషన్ ఎలా ఉంటుంది? ఇదే అడిగితే "పాత వస్తువులకు రిటర్న్ లేదు" అన్నారు. ఇప్పుడు అదే రకం గడియారాన్ని 1857 అని మార్చి అమ్మకానికి పెట్టారు. లెక్కల్లో ఇంకా పదేళ్ళు తక్కువే, పాపం.

అసలు బ్రిటిష్ కాలంలో చవక గడియారం అరుదైన వస్తువేం కాదు. రైళ్ళు, కోర్టులు, ఆఫీసులు పెరిగేకొద్దీ టైము చూసుకోవాల్సిన జనమూ పెరిగారు. సరుకు ఓడల మీద బొంబాయి, కలకత్తా, మద్రాసు చేరేది. 1877లో వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్టు) వచ్చాక పార్సిలు ఇంటికే తెప్పించుకుని పోస్టుమాన్ చేతికి డబ్బిచ్చే వీలు కలిగింది. అమెరికాలో ఇంగర్‌సాల్ కంపెనీ 1896 నుంచి ఒక్క డాలరుకే గడియారం అమ్మింది. అంటే పాతదైనంత మాత్రాన వేలు పోయక్కర్లేదు. మన దగ్గర పెద్ద ఎత్తున వాచీల తయారీ 1961లో హెచ్‌ఎంటీతో గానీ మొదలవలేదు. కాబట్టి డయల్ మీద మద్రాసు అని ఉంటే అది అమ్మిన షాపు ఊరే. ఆ అక్షరాలు కూడా ఎవరైనా ఇవాళ అచ్చు వేయొచ్చు.

వెనక మూత తీసి, మిషన్ స్పష్టంగా కనిపించేలా ఫోటో అడగండి. 1835 నాటి గడియారమైతే కీ ఇవ్వడానికి విడిగా చిన్న తాళంచెవి ఉండాలి. పైనున్న గుండీ తిప్పి కీ ఇచ్చే పద్ధతి మామూలు గడియారాల్లోకి వచ్చింది ఆ శతాబ్దం రెండో సగంలోనే. స్విస్ వెండి అంటే కేసు లోపల 0.800 (వెయ్యి పాళ్ళలో 800 వెండి అని) లాంటి అంకె, చిన్న ముద్ర ఉన్నాయేమో చూడండి. కొన్నింటిలో మూత తీస్తే బటన్ బ్యాటరీ కనిపిస్తుంది, ఇక వాటి గురించి చెప్పేదేముంది!

రోస్కోఫ్ గడియారం మీద ఇష్టముంటే రోస్కోఫ్ అనే చెప్పి అమ్మేవాళ్ళ దగ్గర, దాని ధరకే కొనండి. మిషన్ ఫోటో పంపడానికి నసిగేవాళ్ళకు అడ్వాన్సు ఇవ్వకండి.